ముసలి కారు లేని బజారు

ఒక ఊళ్లో పాత కార్లు అమ్మే బజారు ఉంది. ఆ బజారులో ముసలి కారు ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఎలా ఉంటుంది! బండి గేటు లోపలికి రాగానే మీటరు మేస్త్రి దగ్గరికి తోసేవారు. ఆయన అద్దం విప్పి, సన్నని పుల్లతో అంకెలు వెనక్కి తిప్పేవాడు. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి సాయంత్రానికి వేలల్లోకి దిగేది. ఆపైన కడిగి, మెరుగు పెట్టి, బంతిపూల దండ వేసి, కొత్త పెళ్లికూతురిలా వరసలో నిలబెట్టేవారు.

ఈ సంగతి కొనేవాళ్లకు తెలియదా అంటే, శుభ్రంగా తెలుసు. వాళ్లలో సగం మంది తమ పాత బండిని అక్కడే తిప్పించి అమ్ముకున్నవాళ్లే. అయినా అంకె చూసి, "ఫరవాలేదే, తక్కువే తిరిగింది" అని మురిసిపోవడం అక్కడి మర్యాద. మర్యాదట, మర్యాద!

ఒక బుధవారం పొద్దున ఆ బజారుకు ఒక నర్సమ్మ వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. కొండ అవతల పెద్దాసుపత్రిలో పని. ఇన్నాళ్లూ ఎక్కి వెళ్లిన బస్సును నిన్నటితో ఎత్తేశారు. మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకల్లా ఆసుపత్రి ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఎనిమిది దాటిందా, ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. మధ్యలో ముప్పై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ఆటోలు ఎక్కవు. అందుకని దాచుకున్నదంతా చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరింది. కారు నడపడం ఆవిడకు బాగానే వచ్చు. అంబులెన్సు డ్రైవరు రాని రోజుల్లో స్టీరింగు పట్టింది ఆవిడే.

బజారు షావుకారు ఎదురొచ్చాడు. "రండి సిస్టరూ, రండి. మీలాంటి వాళ్లకు ఇదిగో, ఈ ఎర్రది. తొమ్మిది వేలే తిరిగింది. ఒక డాక్టరు గారు ఆదివారాలు మాత్రం తీసేవారు."

ఆ బజారులో కార్లు మాట్లాడటం వింతేమీ కాదు. పలకరించేవాళ్లే లేరు. నర్సమ్మ ఎర్ర కారు బానెట్టు మీద చెయ్యి వేసి, మంచం మీది మనిషిని అడిగినట్టే అడిగింది.

"బ్రేకులు ఎలా ఉన్నాయమ్మా నీకు?"

"బ్రేకులా? అవేంటో నాకు తెలీదు. నేను మొన్ననే పుట్టానట," అంది ఎర్ర కారు.

"ఎవరన్నారు?"

"మీటరు అంటోంది."

పాపం, దాన్ని అయిదుసార్లు తిప్పారు. ఎక్కిన కొండలు, తిన్న దెబ్బలు, చేయించుకున్న రిపేర్లు, ఒక్కటీ దానికి గుర్తులేవు. నర్సమ్మకు జాలేసింది. కానీ జాలితో ఘాట్ ఎక్కలేం కదా, ముందుకు నడిచింది.

వరస చివర ఒక నీలం కారు ఉంది. మీటరులో పద్దెనిమిది వేలు. ఆవిడ తలుపు తీసి చూసింది. బ్రేకు పెడలు మీద రబ్బరు అరిగి ఇనుము తేలింది. స్టీరింగు, అరచేతులు ఆనే చోట నున్నబడింది. డ్రైవరు సీటు ఒక మనిషి ఒంటి కొలతకు దిగబడిపోయింది. చీటీలో రాసిన వయసు కాకుండా మోకాళ్లు చూసి వయసు పట్టే కళ్లు ఆవిడవి.

"పద్దెనిమిది వేలకే ఇంత అరుగుతుందా షావుకారు గారూ?"

"ఏదో మొరటు చేతిలో పడింది లెండి."

"అబద్ధం!" అంది నీలం కారు. ఆ కేక బజారంతా వినపడింది. "బంగారం లాంటి చెయ్యి అది. వేళకు ఆయిలు మార్చాడు. మూడు లక్షల పన్నెండు వేలు తిరిగాను నేను. రోజూ ఆ ఘాట్ ఎక్కి దిగాను. ఏ మలుపులో రెండో గేరు కావాలో నాకు తెలుసు. నిన్న మొదటిసారి ఈ మేస్త్రి పుల్ల పెట్టి అదంతా తీసేశాడు. తీసేస్తే తీసేశాడు, మరి అదంతా ఎవరు తిరిగినట్టు?"

షావుకారు ఇకిలించాడు. "బ్యాటరీ వదులైతే ఇలాగే వాగుతాయి సిస్టరూ, పట్టించుకోకండి."

నర్సమ్మకు నవ్వు రాలేదు. రేపు పెట్టబోయే సంతకం గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. ఆ ఆసుపత్రిలో ఆవిడవి పంతొమ్మిదేళ్లు. కానీ పదకొండు నెలలు నిండగానే ఆఫీసువాళ్లు ఒక్కరోజు ఇంట్లో కూర్చోమంటారు. ఆ ఒక్కరోజుతో వెనకటి ఉద్యోగం లేనట్టే. మర్నాడు వెళ్లి, "నేను కొత్తగా చేరుతున్నాను, అనుభవం లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. ఈ ఏడు ఆ ఒక్కరోజు ఇవాళే. ఇరవైసార్లు కొత్తగా చేరింది మహాతల్లి! పోయినేడు కొత్తవాళ్లకు శిక్షణంటూ కూర్చోబెట్టి, సూది ఎలా పట్టుకోవాలో చెప్పారు. ఆ చెప్పిన పిల్లకు సూది పట్టడం నేర్పింది ఎవరు? ఈవిడే! అయినా ఇరవైసార్లూ నోరు మూసుకుని సంతకం పెట్టి వచ్చింది. ఆవిడకు అసలు మంట తన మీదే.

"మేస్త్రీ, ఆ అంకె మళ్లీ ఎక్కించు," అంది.

మేస్త్రి పుల్ల చెవి మీద పెట్టుకున్నాడు. "నాకు వెనక్కి తిప్పడమే వచ్చమ్మా. ముందుకు పోవాలంటే బండి నడవాల్సిందే."

షావుకారు గొంతు తగ్గించాడు. "ఎందుకమ్మా పంతం? రేపు మీరు అమ్మేటప్పుడు ఈ పద్దెనిమిది వేలే మీకు అక్కరకొస్తాయి. అయినా ఒక్క బండికి అసలు అంకె పెడితే మిగతా బళ్ల మాటేమిటి?"

పక్కనే ఒకాయన తన బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. ఆయనకూ కోపం వచ్చింది. ఎవరి మీద? షావుకారు మీద కాదు, నర్సమ్మ మీద!

"ఊరుకోవమ్మా! ఇప్పుడే ఆరువేల బండి కొన్నాను. దండ ఇంకా వాడనైనా లేదు. నీకు బండి కావాలా, అంకె కావాలా?"

"నాకు బండే కావాలి బాబూ. అంకె కావలసింది మీకు," అంది నర్సమ్మ.

అంది గానీ, లోపల దడగానే ఉంది. మూడు లక్షలంటే మాటలా? ఘాట్ మధ్యలో ఆగిపోతే ఉద్యోగం పోయినట్టే. నీలం కారు దగ్గరికి వంగి, "నిజం చెప్పు. రేపు ఎక్కుతావా?" అని అడిగింది.

"ఎక్కుతాను. బ్రేకు షూలు మాత్రం సాయంత్రమే మార్పించు. మధ్యలో వేడెక్కుతాను, నీళ్లు దగ్గర పెట్టుకో."

తనకేం జబ్బుందో తనే చెప్పే మనిషిని ఆవిడ ఎప్పుడూ నమ్మేది. డబ్బు షావుకారు చేతిలో పెట్టి తాళాలు తీసుకుంది. తర్వాత సంచిలోంచి కట్లకు వాడే తెల్ల ప్లాస్టరు తీసింది. మీటరు అద్దం మీద అడ్డంగా అంటించి, దాని మీద పెన్నుతో పెద్ద అంకెలు వేసింది. మూడు లక్షల పన్నెండు వేలు.

షావుకారు లబోదిబోమన్నాడు. "ఇదేం పనమ్మా? గేటు దాటాక చేసుకోండి!"

"గేటు దాటాక చూసేదెవరు?" అని ఆవిడ బండి తీసింది.

నిమ్మకాయల ఆయన ఆ బండి గేటు దాటేదాకా చూశాడు. తర్వాత తన బండి తలుపు తీసి, వంగి, బ్రేకు పెడలు చూసుకున్నాడు. అక్కడా ఇనుము తేలి ఉంది.

మర్నాడు ఏడో మలుపులో నీలం కారు పొగలు కక్కింది. నర్సమ్మ గబగబా దిగింది. నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ ఎక్కించింది. ఎనిమిదికి పావుగంట ఉందనగా ఆసుపత్రి చేరింది.

ఆఫీసు వరండాలో ఆ విడత నర్సులు పన్నెండు మందీ పెన్నులు పట్టుకుని వరసలో ఉన్నారు. ముందు ఈవిడ పేరే పిలిచారు. గుమస్తా తలెత్తకుండా కాగితం తోశాడు.

"అనుభవం లేదు అన్నచోట టిక్కు పెట్టి, కింద సంతకం."

పెట్టేస్తే నెల తిరిగేసరికి జీతం వస్తుంది. పెట్టకపోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆవిడకు తెలీదు. అయినా పెన్నుకు మూత పెట్టేసింది.

"పంతొమ్మిదేళ్లు," అంది.

"ఏమిటి?"

"నా అనుభవం. అది రాసిన కాగితం ఇవ్వండి, పెడతాను సంతకం."

"అలాంటి కాగితం లేదు. ఎనిమిది కొడితే నీ పేరు కొట్టేస్తాను, తెలిసిందా?" అని గుమస్తా కసురుకున్నాడు.

ఆవిడ కదల్లేదు. వెనకనుంచి సన్నని గొంతు ఒకటి, "నాకు పదకొండేళ్లు," అంది. దాని వెనక ఇంకొకటి, "ఇరవై ఆరు." తర్వాత ఏడు, పద్నాలుగు, తొమ్మిది. వరస చివరిదాకా ఎవరి ఏళ్లు వాళ్లు పైకి చెప్పారు. పెన్నులన్నీ జేబుల్లోకి పోయాయి. గోడ గడియారం ఎనిమిది కొట్టింది.

సూపరింటెండెంటు చిరచిరలాడుతూ బయటికొచ్చాడు. "రాత్రి డ్యూటీ వాళ్లు ఇక దిగిపోతామంటున్నారు. వార్డులు ఎవరు చూస్తారు? కొత్తగా చేరేవాళ్లు ఎంతమంది వచ్చారయ్యా?"

గుమస్తా కలం చేత్తో పట్టుకుని వరసను ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూశాడు. ఒక్కొక్క మొహమే చూశాడు.

"కొత్తవాళ్లు ఎవరూ రాలేదండీ," అన్నాడు.