గుప్పెడు జొన్నలు

పరాంకుశం గారిని ఏది అడిగినా జవాబు వెంటనే రాదు. "పద, కాస్త నడిచొద్దాం" అంటారు. మా గురువుగారి జ్ఞానమంతా పాదాల్లోనే ఉందని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు.

వారిలో వరదయ్య ఒకడు. భార్య పోయాక అతనికి అన్నం సహించలేదు. ఆశ్రమం వెనక, అటవీశాఖ వారు కంచె వేసి కాపాడుతున్న సున్నపురాళ్ల మెట్ట ఉంది. చెట్టూ చేమా లేని గడ్డినేల. జింకలకూ, నేలమీదే గూడు కట్టుకునే పిట్టలకూ అదే పుట్టిల్లు. అక్కడ ఒక భరతపిట్ట రోజూ నిట్టనిలువునా ఆకాశంలోకి లేచి పాడేది. ఆ పాట వింటూ వింటూ వరదయ్య మళ్లీ మనిషయ్యాడు.

ఒక ఉదయం అడిగాడు: "గురువుగారూ, మేలు చేసినవాళ్లకు ఏమిచ్చి దణ్ణం పెట్టుకోవాలండీ?"

"పద, కాస్త నడిచొద్దాం."

వరదయ్య హుషారుగా ముందు నడిచాడు. ఆశ్రమంలో పొద్దున్నే పిట్టలకు గింజలు చల్లడం ఆనవాయితీ. మెట్ట మీద కాలిబాట దిగకూడదని బోర్డు ఉన్నా, నిన్న సాయంత్రం అతను దిగి, ఆ పిట్ట గూటి పక్కనే జొన్నలు చల్లి వచ్చాడు. ఆ విందు గురువుగారికి చూపించాలని ముచ్చటపడ్డాడు.

విందుకు వచ్చినవి కాకులు. గింజలు ఏరుకుంటూ గడ్డిదుబ్బు దాకా వచ్చేశాయి. దుబ్బు కింద గుడ్లున్నాయి. ఆడపిట్ట రెక్క విరిగినట్టు నేలమీద పొర్లుతూ కాకుల్ని తనవైపు మళ్లించుకోవాలని చూస్తోంది. వరదయ్య పైపంచ ఊపుతూ పరుగెత్తి వాటిని తరిమాడు. గుడ్లు దక్కాయి. తర్వాత మోకాళ్ల మీద కూలబడి ఒక్కో గింజా ఏరసాగాడు. గురువుగారు కూడా పక్కన కూర్చుని ఏరారు.

ఇద్దరూ బాట మీదికి వచ్చి ఎండలో చాలాసేపు నిలబడ్డారు. ఆడపిట్ట గూటికి చేరింది. ఇంకాసేపటికి మగపిట్ట లేచింది, ఎప్పటిలాగే పాడింది. వరదయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గుప్పిట్లో జొన్నలు అలాగే ఉన్నాయి.

"వీటినేం చెయ్యనండీ?"

"ఆకలేస్తోందా?" అన్నారు గురువుగారు.

వరదయ్య కాస్త సిగ్గుపడ్డాడు. "వేస్తోందండీ."

"అయితే పద, సంకటి వండించుకుందాం. నువ్వు ఆకలేసి తింటే ఆ పిట్టకు అదే చాలు."