ముదురుపాకం

శిష్యులెవరైనా పెద్ద ప్రశ్న అడిగితే కనకవల్లి గారు జవాబు చెప్పేవారు కాదు. చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. నలభై ఏళ్లు నవలలు రాసి, చూపు మసకబారాక పిఠాపురంలో కుదురుకున్న మనిషి ఆవిడ. శిష్యులు ఆదివారాలు వచ్చి, రాసుకున్నది చదివి వినిపించి, చీవాట్లు తిని వెళ్లేవారు. ఒక్క విశ్వపతి మాత్రం తినడానికి కాక తినిపించడానికే వచ్చేవాడు.

విశ్వపతి సామర్లకోటలో లెక్కల మాస్టారు. యాభై దాటాయి. పెళ్లిళ్లకి వంటలు చేసి తనని చదివించిన అన్నయ్య భాస్కరం మూడేళ్ల కిందట పోతే, ఆయన మీద నవల రాస్తానని కూర్చున్నాడు. పదకొండు అధ్యాయాలు గుక్కతిప్పుకోకుండా రాశాడు. పన్నెండో అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది. కాగితం తీసేసరికి ఇంట్లో సున్నుండలు అయిపోయాయని గుర్తొచ్చేది. అధ్యాయం అంకె వేసి, కింద గీత గీసి, లేచి వెళ్లి కాజాలకి మైదా తడిపేవాడు. ఆ మధ్య ఓవెన్ కూడా కొని కేకుల్లో పడ్డాడు. పండగా లేదు, పబ్బమూ లేదు, వాళ్లింట్లో మూకుడు పొయ్యి దిగేది కాదు. భార్య మొదట్లో మురిసింది, తరవాత జాకెట్లు బిగుతవుతుంటే దిగులుపడింది. ఇక కనకవల్లి గారికి ప్రతి ఆదివారం అధ్యాయానికి బదులు టిఫిన్ డబ్బా అందేది. ఆవిడా వద్దనకుండా తినేవారు. "కాజా బాగా కుదిరింది నాయనా. పన్నెండో అధ్యాయం ఎలా కుదిరింది?" అని మాత్రం ప్రతిసారీ అడిగేవారు.

ఒక ఆదివారం అతను డబ్బా లేకుండా వచ్చాడు. రాసిన కాగితాల కట్ట తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు.

"అమ్మగారూ, ఇది నావల్ల కాదు. రాసేవాడికి ధ్యాస నిలవాలి. నాకు నిలవదు. వదిలెయ్యమంటారా? మీరు ఊఁ అంటే దీన్ని ఇవాళే పొయ్యిలో పెట్టేస్తాను."

అన్నయ్య రుణం ఇంకెలాగూ తీర్చలేడు, ఈ పుస్తకం ఒక్కటైనా రాయగలననుకున్నాడు. అదీ చేతకాలేదని అతని బాధ.

ఆవిడ ఆ కట్ట వైపు చూడనైనా లేదు. "అరిసెలు తిని చాలా రోజులైంది. తడిపిండి జల్లించి పెట్టించాను. పాకం మాత్రం నా కళ్లకి కనబడి చావదు. నువ్వు పట్టు" అన్నారు.

విశ్వపతికి ప్రాణం లేచొచ్చింది. చొక్కా చేతులు మడిచి, బెల్లం కరిగించి వడకట్టి, గిన్నె పొయ్యి మీద పెట్టాడు. పక్కన పళ్లెంలో నీళ్లు పోసుకుని గరిటె అందుకున్నాడు. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయవుతుంది. సరైన పాకం ఉండేది ఆ రెంటి మధ్యా అరనిమిషమే. అందుకని అతను గిన్నెలోంచి కళ్లు తియ్యలేదు. కనకవల్లి గారు స్టూలు మీద కూర్చున్నారు.

"నీ ఫోను మోగుతోంది."

"మోగనివ్వండి."

"వీధిలో ఎవరో పిలుస్తున్నట్టున్నారు, చూసి రాకూడదూ?"

"పిలవనివ్వండి అమ్మగారూ. ఇప్పుడు కదిలితే పాకం పోతుంది."

"ధ్యాస నిలవదన్నావు కదా అని చెప్పాను" అన్నారావిడ. అతను సిగ్గుపడి నవ్వాడు గానీ తల తిప్పలేదు.

ఆవిడ అదే గొంతుతో, "పన్నెండో అధ్యాయంలో ఏం జరగాలి?" అన్నారు.

గరిటె తిరుగుతూనే ఉంది. చేతికి పని ఉండబట్టి కాబోలు, ఆ వేళ నోటికి ఏదీ అడ్డుపడలేదు.

"మా కాలేజీ వార్షికోత్సవానికి అన్నయ్య వంటకి వచ్చాడు. నాకు ముందు తెలీదు. భోజనాల దగ్గర నన్ను చూసి, 'ఒరే విస్సూ' అని సంబరంగా కేకేశాడు. ఎవర్రా అని పక్కవాళ్లు అడిగారు. మా ఊరి వంటవాడు అన్నాను."

"విన్నాడా?"

"విన్నాడు. వరసలో అందరికీ బూరెలు వడ్డిస్తూ నా విస్తరి దాకా వచ్చాడు. 'ఇంకోటి వెయ్యమంటారా బాబూ' అన్నాడు. అన్నయ్య నన్ను మీరు అన్నది ఆ ఒక్కసారే."

గరిటె ఎప్పుడు ఆగిందో అతనికి తెలీదు. ఆ సెలవులకి ఇంటికి వెళ్తే అన్నయ్య ఒరే అనే పిలిచాడనీ, ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, తనూ ఎత్తలేదనీ, ముప్ఫై ఏళ్లు అలాగే గడిచిపోయాయనీ చెప్పుకుపోయాడు. ఆయన చేతికి ఎప్పుడూ ఉండే కాలిన మచ్చల గురించి చెప్పాడు. ఆ బూరె తను తిన్నాడని కూడా చెప్పి, ఏడ్చాడు.

మాడు వాసన వస్తే ఉలిక్కిపడి పొయ్యి కట్టేశాడు. చుక్క తీసి పళ్లెంలో వేస్తే ఠంగుమంది. పన్నెండో ఏట అన్నయ్య పక్కన గరిటె పట్టిన నాటినుంచి అతని చేతిలో పాకం పోవడం అదే మొదలు.

"క్షమించండి అమ్మగారూ, మళ్లీ పట్టేస్తాను. ముందు ఈ గిన్నె నానబెట్టి, శుభ్రంగా తోమి..." అంటూ మసిగుడ్డతో గిన్నె పట్టుకుని కుళాయి వైపు నడిచాడు.

కనకవల్లి గారు లేచి అతనికి అడ్డం వచ్చారు. గిన్నె కింద పెట్టించి, ఆ చేతుల్లో కాగితాల కట్ట పెట్టారు.

"గిన్నె నేను తోముకుంటాను నాయనా. నువ్వు బస్సెక్కు."