మజ్జిగ కుండల పరీక్ష

పొగడపురి మహారాజు చిత్రసేనుడు నిండు కొలువులో కూర్చుని, కిరీటం సందుల్లోంచి ఎండుద్రాక్షలు ఏరుకు తింటూ శాసనం చేశాడు.

"అరవై దాటిన సారథులందరూ మళ్ళీ పరీక్షకి నిలబడాలి. తప్పినవాడు ఇక పగ్గాలు ముట్టకూడదు!"

ద్రాక్షల సంగతి చెప్పాలి. ఆ పొద్దున రాజుగారి రథం ఓ పెళ్ళిపందిట్లోకి దూరింది. ఊరికే దూరలేదు. భోజనాల బంతిని రెండుగా చీల్చి, వియ్యపురాలి విస్తరిని మాత్రం వదిలిపెట్టి, పాయసం గంగాళానికి గుద్దుకుని ఆగింది. రాజుగారు గంగాళంలో తేలారు. పురోహితుడు కంగారులో అక్షింతలు ఆయన మీదే వేశాడు.

పగ్గాలు పట్టినవాడు ఓబులయ్య. అరవై ఏడేళ్ళు. ఇంకేం, ఊరందరికీ కారణం దొరికిపోయింది.

"ముసలాళ్ళకి చూపు ఆనదు ప్రభూ, చేతులు వణుకుతాయి," అన్నాడు రణకేసరి. అశ్వదళ నాయకుడు, పాతికేళ్ళవాడు. మీసాలకి పూటపూటా నెయ్యి పెడతాడు. రాజరథం పగ్గాల మీద అతని కన్ను పడి చాలాకాలమైంది. "సాము మైదానంలో మజ్జిగ కుండలు పేర్పించండి. వాటి మధ్య వంకరటింకరగా రథం తోలాలి. ఒక్కటి పగిలినా తప్పినట్టే."

"మాకూ అరవై రెండు కదయ్యా," అన్నాడు రాజు అనుమానంగా.

"గుర్రాలు తోలేవాళ్ళకే ప్రభూ! రాజ్యం తోలేవాళ్ళకి కాదు!"

సింహాసనం పక్కనే తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడ్డ అడపకత్తె చెన్నక్కకి ఒళ్ళు మండిపోయింది. రాజుగారికి కిళ్ళీలు కట్టిచ్చేది ఆమే. రథంలోనూ ఆమె చోటు ఆయన పక్కనే. కాబట్టి అసలు జరిగింది కళ్ళారా చూసింది.

పొగడపురిలో ఓ ఆచారం ఉంది. కదిలే రాజరథంలో ఎవరూ నోరు విప్పకూడదు. రాజు ఎత్తు పీఠం మీద కూర్చుని, కింద కూర్చున్న సారథి భుజాల మీద పాదాలు ఆనిస్తాడు. కుడి బొటనవేలు నొక్కితే రథం కుడికి, ఎడమది నొక్కితే ఎడమకి. ఎందుకని అడిగితే రాజద్రోహం.

చిత్రసేనుడికేమో ఓ అలవాటు. నోట్లో కిళ్ళీ పండి, చెవిన మేళం పడిందా, కళ్ళు మూతలు పడతాయి, కాళ్ళు తాళం వేస్తాయి. ఆ పొద్దున పెళ్ళిమేళం వాళ్ళు మంచి ఊపు మీదున్నారు.

తన కాళ్ళు ఆడతాయని రాజుకే తెలీదు. పోనీ చెబుదామంటే, 'తప్పు తమ కాలిది' అన్న తల మెడ మీద ఉంటుందా?

ఆ సాయంత్రం చెన్నక్క గుర్రాలశాలకి వెళ్ళింది. ఓబులయ్య గుర్రాల మెడలు నిమురుతున్నాడు.

"పరీక్షంటే భయమా తాతా?"

"భయమెందుకే పిల్లా? నా చూపు తగ్గిందేమో చూడమను, తప్పులేదు. నాబోటి ముసలాళ్ళకే ఎందుకంట? కుర్రాళ్ళు గుద్దితే కుండలు పగలవా?" గుర్రం ముట్టెకి చెంప ఆనించాడు. "వీటికి నా గొంతు తప్ప తెలీదు. రేపు నన్ను పొమ్మంటే వీటికేం చెప్పను?"

"ఏం చెప్పక్కర్లేదు. పొద్దున్నే గడ్డి వేస్తానని చెప్పి పడుకో," అంది చెన్నక్క.

మర్నాడు మైదానం నిండా జనం, బారులుగా మజ్జిగ కుండలు. రాజు రాగానే చెన్నక్క వినయంగా అంది.

"ప్రభూ, పరీక్ష ఎలా ఉండాలో ముందు నాయకులవారే తోలి చూపిస్తే ముసలాళ్ళు నేర్చుకుంటారు. రాజరథం కదా, తమరు ఎక్కితేనే నిండుదనం. మేళం కూడా ఉంటే వైభవం!"

రణకేసరి మీసాలు ఇంకాస్త పైకి లేచాయి. రాజు మురిసిపోయాడు. చెన్నక్క రెండు లవంగాలు, చిటికెడు పచ్చకర్పూరం ఎక్కువేసి కిళ్ళీ చుట్టి ఆయన నోటికందించి, తను మాత్రం కిందే ఉండిపోయింది. మేళం మొదలైంది.

మొదటి బారు బాగానే దాటింది. రెండో బారులో రాజుగారి కిళ్ళీ పండింది.

కుడికాలు ఒకటి. ఎడమకాలు రెండు. మళ్ళీ కుడి. రథం నాట్యం మొదలెట్టింది. ఫెడేల్, ఫెడేల్! మజ్జిగ వరదలో ఓ కుక్క ఈదుకుంటూ పోయింది. చివరికి రథం గడ్డివాముకి గుద్దుకుంది. రాజుగారు గొడుగు స్తంభాన్ని కరుచుకున్నారు. రణకేసరి వాములోకి ఎగిరిపడ్డాడు, మీసాలు మాత్రం బయట మిగిలాయి.

చెన్నక్క దగ్గరికెళ్ళి జాలిగా అడిగింది. "అయ్యో నాయకులవారూ, చూపు ఆనలేదా? చేతులు వణికాయా?"

"నాకా? నాది డేగ చూపు! నా చెయ్యి ఇనుము!"

"మరి కుండలెందుకు పగిలాయి?"

రణకేసరి గడ్డిలోంచి తల బయటపెట్టి నోరు తెరిచాడు. రాజుగారి కాళ్ళ వంక చూశాడు. నోరు మూశాడు.

"మీ తప్పయితే పరీక్ష పోయింది. మీ తప్పు కాకపోతే నిన్న తాతదీ కాదు. ఏదో ఒకటి సెలవివ్వండి!"

మీసాలు గడ్డిలోకి ఇంకాస్త దూరాయి.

"ఏమిటే, వాడు మా కాళ్ళ వంక అలా చూస్తాడు?" అన్నాడు రాజు.

చెన్నక్క తలవంచి అంది:

"ప్రభూ, సారథి మారాడు, వయసు మారింది, గుద్దుడు మారలేదు. రథంలో మారకుండా ఉన్నదేమిటో తమరే చూడండి."

రాజు గొడుగు చూశాడు. పీఠం చూశాడు. కిందికి చూశాడు. మేళం వాళ్ళు ఇంకా ఆపలేదు. ఆయన కాళ్ళు రెండూ, యజమానితో పనిలేకుండా, చక్కగా తాళం వేస్తున్నాయి!

మరుక్షణం రాజుగారి నవ్వుకి నోట్లో కిళ్ళీ వెళ్ళి గడ్డివాములో పడింది.

"పాతికేళ్ళవాడైనా డెబ్బయ్యేళ్ళవాడైనా, పగ్గాలు పట్టే ప్రతివాడికీ ఏటా పరీక్షే! మా కాళ్ళు మాత్రం ఇవాళే పరీక్ష తప్పాయి!"

ఆయన ఓబులయ్య చేతికి పగ్గాలిప్పించి, పాదాలు అతని భుజాల మీద ఆనించకుండా పీఠం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మేళం హోరెత్తింది. ఓబులయ్య నాలుక చప్పరించాడంతే, గుర్రాలు మిగిలిన కుండల మధ్య పాములా మెలికలు తిరిగి బయటికొచ్చాయి. ఒక్క కుండా తొణకలేదు.

రాజు తన చేతి కంకణం తీసి చెన్నక్కకి తొడిగాడు. వెండిపిడి కొరడా ఓబులయ్యకిచ్చాడు.

"ఒక్కటి గుర్తుంచుకోవే చెన్నక్కా," అన్నాడు నవ్వాపుకోలేక, "రథంలో మాత్రం లవంగాలు తగ్గించు!"

జనం గొల్లుమన్నారు. గడ్డివాములో మీసాలు కూడా కదిలాయి.