రాజుగారి తరఫున ఊ

రండర్రా, దగ్గరికి జరగండి. ఒరే పెంచలయ్యా, కాళ్ళు ముడుచుకుని చిన్నదానికి చోటియ్యి. ఇందాకట్నుంచీ ఏమిట్రా ఆ గొణుగుడు? ప్లాటు, క్యారెక్టరు, సెట్టింగు, థీము... రేపు ఇంగ్లీషు పరీక్షా? మూసెయ్యండి పుస్తకాలు. అవన్నీ ఏ కథలోనైనా ఉండేవే. ఊ కొట్టండి చాలు.

అనగనగా ఒక ఊళ్ళో కథలు చెప్పే ముసలాయన, పేరు కొండయ్య. ఆయన కోడలు సింగారమ్మ. ఊరొచ్చిందా, మనుషులొచ్చారా? మీ సెట్టింగూ క్యారెక్టర్లూ అవే మరి.

ఆ దేశపు రాజుకి ఒకచోట కాలు నిలవదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే పచార్లు చేస్తాడు, పచార్లు చేసి కిటికీలోంచి చూస్తాడు, చూసి మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. కథలు వింటే మనసు కుదుటపడుతుందని ఎవరో చెప్పారట. విన్నాడు, కుదుటపడలేదు. కథల్లో పస లేదంటూ, కథలు చెప్పినవాళ్ళందర్నీ ఖైదులో వేయించాడు. కొండయ్యనీ వేయించాడు. తెల్లారితే అందర్నీ దేశం పొలిమేర దాటిస్తారట.

ఆ మాట విన్నాక సింగారమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదు. పొయ్యి మీద ఎసరు మరిగిపోతోంది, ఈమె ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. కళ్ళు సరిగా ఆనని మావయ్య ఈ వయసులో ఎక్కడికి పోతాడు? ఇదిగో, ఇదే చిక్కు. చిక్కు లేందే ప్లాటు నడవదు. ఊ కొడుతున్నారా?

కొంగు బిగించి కోటకెళ్ళింది. నేనో కథ చెబుతాను, నచ్చితే మా మావయ్యని వదిలెయ్యండి అంది. రాజు సరేనన్నాడు. చూస్తే సింహాసనం పక్కన పీట మీద గుర్నాథమని ఒకాయన కూర్చునున్నాడు. ఈయనెవరంటే, ఊ కొట్టే ఉద్యోగి అన్నారు. రాజంతటివాడు ఒకరికి ఊ కొట్టడం మర్యాద కాదు కదా, అందుకని ఆయన తరఫున ఈయన కొడతాడట!

నవ్వకండర్రా. ఆవిడా నవ్వాపుకుంది పాపం.

అనగనగా ఒక పిచ్చుక, అని మొదలెట్టింది. ఊ అన్నాడు గుర్నాథం. దాని మామగారు బోనులో చిక్కుకున్నాడంది. గుర్నాథం కండువాతో కళ్ళొత్తుకున్నాడు. రాజేమో ఉంగరం తిప్పుకుంటూ కిటికీ వైపు చూస్తున్నాడు. సింగారమ్మ అది చూసింది. కథ చేరాల్సిన చెవికి చేరడం లేదు! ఠక్కున ఆపేసింది.

ఊ వినబడకపోయేసరికి రాజు ఇటు తిరిగి, "నువ్వెందుకేడుస్తున్నావోయ్?" అన్నాడు.

"పిచ్చుక మామగారు, ప్రభూ..." అన్నాడు గుర్నాథం.

"ఏ పిచ్చుక?"

సింగారమ్మ ధైర్యం తెచ్చుకుంది. "ఆకలి తమరిది, అన్నం తినేది ఆయన. తమ కడుపెలా నిండుతుంది మహాప్రభూ? ఊ మీరే కొట్టండి."

"నా పొట్ట కొట్టకు తల్లీ!" అని గుర్నాథం మొరపెట్టుకున్నాడు. రాజు మాత్రం ఏ కళనున్నాడో, మొదట్నుంచీ చెప్పమన్నాడు.

పిచ్చుక వెళ్ళి వేటగాణ్ణడిగింది. వేటగాడు బంట్రోతునడగమన్నాడు. బంట్రోతు దివానునడగమన్నాడు. దివాను, బోను తాళంచెవి రాజుగారి మొలలో ఉందన్నాడు. ఊ, ఊ, ఊ అన్నాడు రాజు. ఆడే కాలు ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఆ మామగారు కొండయ్యేగా?"

ష్! నీకు తెలిసింది, రాజుకింకా తెలీదు.

"తర్వాత?" అన్నాడు రాజు.

"అంతవరకే తెలుసు ప్రభూ."

రాజు ఆవిడ మొహం వంక చూశాడు. చెయ్యి దానంతటదే మొలలోకి పోయింది. తాళంచెవి తీసి, గుర్నాథం చేతిలో పెట్టి, "ఒక్కణ్ణే కాదు, అందర్నీ వదిలెయ్. పిచ్చుక మామగారితో గూటికి చేరిందని చెప్పమ్మా," అన్నాడు.

ఊ అంది సింగారమ్మ.

విన్నా, చదివినా, ఊ మాత్రం మనమే కొట్టుకోవాలర్రా. కథ కంచి బండెక్కేసింది. లేవండి, మీ అమ్మలు కంచాలు పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, ఇళ్ళకి పోయి అన్నాలు తినండి.