రెండు జల్లెడ చట్రాలు

"అమ్మా, నాంచారికి పచ్చనేల ఇచ్చి నాకు బోడినేల ఎందుకిచ్చారు?"

అడిగింది తాయారు. అడగడం కూడా మెత్తగా కాదు, అక్కడికక్కడే న్యాయం తేల్చమన్నట్టు నడుమున చేతులు పెట్టుకుని అడిగింది. కల్వంలో మందు నూరుతున్న పేరిందేవమ్మ చెయ్యి ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్ళకు ఆకుమందులిచ్చే మనిషి ఆమె. ఎవరేం అడిగినా వెంటనే బదులివ్వదు.

"కార్తె వెళ్ళనీ. నేనే వచ్చి చూస్తా" అంది.

చూస్తానంది గానీ, పేరిందేవమ్మ కళ్ళు ఎప్పుడో మసకబారాయి. ఆకును వాసనతో, వేరును రుచితో పోల్చుకోగలదు. నేలమీది సన్నసన్నవి కనబడవు. వానల్లో మూలికల కోసం కొండకు వెళ్ళాలి. ఈ ఏడు ఆమెకు కళ్ళై వెంట నడిచేది ఒక్కరే, కొండమందుల గుట్టు దక్కేదీ ఆ ఒక్కరికే. ఉన్న శిష్యురాళ్ళేమో ఇద్దరు. తాయారు ఆ ఇంటికి ఎప్పుడో వచ్చింది. నాంచారి మొన్న వచ్చింది. మొన్న వచ్చినవాళ్ళు మొన్న వచ్చినట్టే ఉండాలన్నది తాయారు అభిప్రాయం.

నేల పంపకం అంతకు కొన్నాళ్ళ ముందు జరిగింది. ఆరుద్ర కార్తెలో తొలివాన పడ్డ మర్నాడు పేరిందేవమ్మ, అడుగు ఊడిపోయిన రెండు జల్లెడల చట్రాలు తెచ్చి, ఇంటివెనక బీడులోకి విసిరింది. "తలా ఒకటి తీసుకోండి. లోపల ఎవరెవరు కాపురముంటున్నారో చూడండి. కార్తె వెళ్ళాక చెబుదురుగానీ. బాగా చూసినవాళ్ళు నాతో కొండకు."

చట్రాలు రెండూ పక్కపక్కనే పడ్డాయి. అదే ఎర్రమన్ను, అదే గరిక, రెండింట్లోనూ అప్పుడే తలెత్తుతున్న తుమ్మి మొలకలు. తాయారు అటూ ఇటూ చూసి, మొలకలు ఎక్కువున్నదాన్ని ముందుగా తీసుకుంది. మిగిలింది నాంచారి తీసుకుంది. ఈ సంగతి తర్వాత తాయారుకు గుర్తులేదు. అక్కసుకు ఇలాంటివి గుర్తుండవు.

మొదటిరోజే నాంచారి చట్రంలో గరిక మొదట్లోంచి ఆరుద్ర పురుగు నడిచొచ్చింది. ఎర్రటి ముఖమల్ గుడ్డకు కాళ్ళొచ్చినట్టుంది. నాంచారి "అబ్బ!" అంది. ఆ ఒక్క "అబ్బ" తాయారు కడుపులో నిప్పులా పడింది.

"నీ దాంట్లోకి రాలేదా అక్కా?" అంది నాంచారి, పాపం, మామూలుగానే.

"వస్తాయిలే. నావి పిలవకపోయినా పరిగెత్తుకొచ్చే రకం కాదు."

అప్పట్నుంచి తాయారు నాంచారి కంటే ముందే లేచి బీడుకు వెళ్ళేది. గొంతుక్కూర్చునేది. మెడ మాత్రం పక్కకు తిరిగేది. సరిగా కనబడకపోతే ఇంకాస్త ముందుకు జరిగేది. పక్కదాంట్లో తుమ్మి తెల్లగా పూసింది. పూస్తుంది మరి, దాని రాత అలాంటిది! పల్లేరు పసుప్పచ్చగా విచ్చుకుంది. ఆ ముళ్ళకంపకు కూడా అక్కడే ముద్దొచ్చిందా! ఒక పొద్దున కుక్కగొడుగొకటి తలెత్తి, ఎండెక్కేసరికి సిరాలా కారిపోయింది. ఉన్న కాస్సేపూ దాని నీడలో నత్తపిల్ల ఒకటి విశ్రాంతి తీసుకుంది. "వెధవ కుక్కగొడుగు! దానికీ నాంచారే కావాల్సొచ్చింది" అని తాయారు పళ్ళు నూరింది. కానీ చూపు తిప్పుకోలేదు. అన్నం తింటున్నా అదే ధ్యాస, తల దువ్వుకుంటున్నా అదే ధ్యాస.

కార్తె వెళ్ళింది. పేరిందేవమ్మ నాంచారి భుజం పట్టుకుని బీడుకొచ్చి, చట్రాల మధ్య చతికిలబడింది.

"చెప్పవే తాయారూ."

"నా దాంట్లో చెప్పడానికేముందమ్మా, మన్ను! ఉన్నదంతా దాని దాంట్లోనే ఉంది" అని మొదలుపెట్టింది తాయారు. ఇక ఆగలేదు. చీమల పుట్ట నోరు ఎటువైపుందో, అవి గరిక గింజల్ని ఏ దారిన మోస్తాయో చెప్పింది. తుమ్మిపువ్వుల్లో ఏది ముందు రాలిందో చెప్పింది. రాతిచాటు పొడిమట్టిలో గరాటులాంటి గుంట చేసుకుని, అడుగున దాక్కుని, జారిపడే చీమ కోసం కాచుక్కూర్చునే పురుగు గురించి చెప్పింది. రోకలిబండ పురుగు ఎప్పుడు చుట్టుకుంటుందో, ఎంతసేపటికి విప్పుకుంటుందో చెప్పింది.

"ఓయమ్మో! రోకలిబండను నేనే చూడలేదక్కా!" అంది నాంచారి.

పేరిందేవమ్మ ముఖం వెలిగింది. "ఇంత చూపున్న పిల్లను నేను ఎరగను."

తాయారు అప్పుడే కొండెక్కేసింది. మనసులోనే మూటకూడా కట్టేసుకుంది.

పేరిందేవమ్మ వంగి, తాయారు చట్రంలో అరచెయ్యి పెట్టి, పసిబిడ్డ వీపు నిమిరినట్టు నేలను నిమిరింది. చెయ్యి ఒకచోట ఆగింది. పక్కకు జరిగి మళ్ళీ ఆగింది.

"కాచుక్కూర్చునే పురుగు గుంట గురించి బాగా చెప్పావే. మరి ఇవేమిటి, రెండున్నాయి? జానెడుకు పైనే పొడవు. అడుగు రాయిలా గట్టిపడింది. ఏ పురుగు చేసుకుందే వీటిని?"

తాయారు వంగి చూసింది. తన చట్రాన్ని కళ్ళారా చూడటం కార్తె మొత్తంలో అదే మొదలు. గుంటల అంచున నలిగిన తుమ్మికాడ ఒకటి పండుబారి నేలకు అతుక్కుపోయింది. వెనకవైపు మడమంత లోతు. ముందువైపు వరసగా వేళ్ళ గుర్తులు.

నాంచారి కూడా చూసింది. చూసి ఏమీ అనలేదు. తాయారుకు అన్నిటికంటే ఎక్కువ మండింది అదే.

మర్నాడు తెల్లవారుతుండగా బుట్ట నెత్తిన పెట్టుకుని నాంచారి, ఆమె భుజం మీద చెయ్యేసి పేరిందేవమ్మ కొండదారి పట్టారు. సాగనంపడానికి తాయారు వాకిట్లోకి రాలేదు. బీడులో ఉంది. చట్రానికి ఇవతల, మోకాళ్ళ మీద.

కళ్ళు కనబడని మనిషికి అది ఎలా తెలిసిందో గానీ, పేరిందేవమ్మ ఆ వైపుకు తిరిగి కేకేసింది.

"తాయారూ, తొందరేం లేదే. ఆ పురుగు పేరు వచ్చే ఏడు చెబుదువుగానీ."