ఇపీ కుంటికాలు

అనగనగా ఈజిప్టు దేశంలో, పెద్ద నది ఒడ్డున ఒక ఊరు ఉండేదిరా కన్నా. ఆ ఊళ్ళో తియా అనే ఆవిడ బట్టలుతికి బతికేది. ఆవిడకి ఇపీ అని ఒక్కడే కొడుకు. వాడి ఎడమకాలు కుంటి.

ఒక ఏడు వరదొచ్చి ఇపీని పట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదు.

పోయినవాడి ప్రాణం ఉండడానికి ఒక ఒళ్ళు కావాలని ఆ దేశం వాళ్ళ నమ్మకం. ఒళ్ళు లేకపోతే రాతిబొమ్మయినా కావాలి. అదీ లేకపోతే ఆ ప్రాణం దిక్కులేకుండా తిరుగుతుందట. బొమ్మలు చెక్కించేది అందుకే, అందానికి కాదు.

అప్పుడు తియా, హూయా అనే శిల్పి దగ్గరికి వెళ్ళింది. నా కొడుకు బొమ్మ చెక్కితే జీవితాంతం మీ ఇంటి బట్టలు ఉతుకుతానంది.

"కుంటికాలు కూడా చెక్కు బాబూ. లేకపోతే వాడు నా కొడుకులా ఉండడు."

"వద్దమ్మా. రాతిలో ఎలా ఉంటే ఆ లోకంలో కలకాలం అలాగే ఉంటాడు. పిల్లాడు ఇంకా కుంటాలా?"

ఏ తల్లి కుంటమంటుంది? ఏడుస్తూ సరేనంది.

హూయా అందరికీ చెక్కినట్టే చెక్కాడు. నిటారు నడుము, వెడల్పాటి భుజాలు, ఎడమకాలు ఒకడుగు ముందుకి. మొహం కూడా అందరి మొహమే. కింద చెక్కిన పేరొక్కటే ఇపీది. ఆ బొమ్మని గుడి ముందు నిలబెట్టారు. తియా రోజూ దాని ముందు రొట్టె పెట్టేది.

ఆ తర్వాత ధాన్యపు కొట్ల అధికారికి జబ్బు చేసింది. కొత్త బొమ్మ చెక్కించుకునే వ్యవధి లేదు. ఆ పాపిష్టివాడు ఇపీ పేరు చెరిపించి తన పేరు చెక్కించుకున్నాడు.

తియా మళ్ళీ హూయా దగ్గరికి పరుగెత్తింది. "నేను పిల్లలు గలవాణ్ణమ్మా" అని ఆయన తలుపేసుకున్నాడు.

అప్పుడు పూజారి కాళ్ళ మీద పడింది. "పేరెవరిదో బొమ్మ వాళ్ళదే" అన్నాడాయన.

ఆ తర్వాత న్యాయాధికారి దగ్గరికి పోయింది. ఆయన బొమ్మ దగ్గరికే వచ్చి, "నీ కొడుక్కి గుర్తేమైనా ఉందా?" అనడిగాడు.

"ఎడమకాలు కుంటి, దొరా."

అందరూ బొమ్మకేసి చూశారు. ఎడమకాలే ముందుకేసి, ఠీవిగా నిలబడి ఉంది.

"అయితే ఇది నీ కొడుకు కాదు" అన్నాడు న్యాయాధికారి.

ఆ పిచ్చితల్లి తర్వాత కూడా అక్కడే రొట్టె పెట్టేది. ఇంకెక్కడ పెడుతుంది? అది ఎవడి నోటికి చేరుతుందో ఆవిడకి తెలుసు. వాడి నోట మన్నుపడ. తెలిసే పెట్టేది నాన్నా, కొడుక్కి ఒక్క ముక్కైనా మిగలకపోతుందా అని.

కథ పోయి కంచిలో పడింది,
కొడుకు ఇల్లు దొర పాలబడింది,
మన ఇంట దీపం మలిగింది.
పడుకో.