రేవు దగ్గర తొలి ముద్ద

చిలకలేటికి ఇవతలి ఒడ్డున పాలకొడిసెల కోన అనే అడవి ఉంది. అందులో జింకలు, కుందేళ్ళు, అడవిపందులు, ఉడుతలు ఉండేవి. జిత్తప్ప అనే నక్క ఉండేవాడు. సూదమ్మ అనే ముళ్ళపంది తన ఇద్దరు పిల్లలతో ఒక బొరియలో కాపురం ఉండేది.

ఆ ఏడు ఎండల్లో కార్చిచ్చు వచ్చింది. కోనలో పండ్ల చెట్లన్నీ మాడి బూడిదయ్యాయి. వానలు ఇంకా దూరంలో ఉన్నాయి. ఎవరి బొరియలో దాచుకున్నది వాళ్ళు కొంచెం కొంచెం తింటూ రోజులు నెట్టుకొస్తున్నారు.

అప్పుడు జిత్తప్ప ఒక బండరాయి ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"అవతలి లంకలో వెలగపండ్లు విరగకాశాయి. మీరు దాచుకున్న దుంపలు, ఇప్పపూలు, తేనె నాకివ్వండి. అవి అక్కడిచ్చి పండ్లు తెస్తాను. మీరిచ్చినదానికి మూడింతలు చేతికొస్తుంది" అన్నాడు.

జిత్తప్ప అంతకుముందు ఏరు దాటి ఎరగడు. బయటి సరుకు తెచ్చిన అనుభవం అసలే లేదు. అది తప్పని నేననను. ఎంత గొప్ప వర్తకుడైనా ఏదో ఒక రోజు మొదలుపెట్టినవాడే. తెలియనిది అడక్కపోవడం మాత్రం తప్పు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది అక్కడే.

"సరుకు రేవు దాటాలంటే ఏవో కట్టుబాట్లు ఉంటాయట కదా తమ్ముడూ! రేవు కాపరి ఎర్రతురాయి తాతని ఓ మాట అడిగావా?" అంది సూదమ్మ.

"చెట్టు మీద కూర్చుని టకటకమని కొట్టుకునే వడ్రంగిపిట్టని నేను అడగాలా? నువ్వు నిశ్చింతగా ఉండక్కా" అన్నాడు జిత్తప్ప.

వాడు అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఆకలి మీద ఉన్నవాళ్ళు నమ్మారు. సూదమ్మ కూడా పిల్లల ముఖం చూసి, వానల దాకా వాళ్ళ కోసం దాచిన దుంపలన్నీ తెచ్చి పోసింది. ఆమె బొరియ ఖాళీ అయింది.

జిత్తప్ప తాబేళ్ళ వీపుల మీద సరుకు ఎక్కించుకుని లంకకు వెళ్ళాడు. అక్కడ ఒక ముసలి కొండముచ్చు పండ్లు అమ్ముతోంది. చెట్టు కింద బుట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. కొండముచ్చు పై బుట్టలోంచి ఒక పండు తీసి పగలగొట్టి ఇచ్చింది. గుజ్జు తియ్యగా, కమ్మటి వాసనతో ఉంది.

"మిగతావి కూడా చూసుకో నాయనా. ఏరు దాటాక నన్ననకు" అంది కొండముచ్చు.

"ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ? నక్కకే తెలివి నేర్పుతావా ముసలాడా?" అని జిత్తప్ప మీసం దువ్వాడు. తెచ్చినదంతా ఇచ్చేసి బుట్టలన్నీ ఎత్తించాడు.

కుండలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి. బుట్టలో పండ్లు అలా కాదు. ఆ మాత్రం ఎవరికైనా తెలుస్తుంది, ఆ తెలివిగలవాడికి తప్ప!

తిరుగు దారిలో ఒక తాబేలు తూలింది. బుట్టలోంచి ఒక పండు రాయి మీద పడి పగిలింది. లోపల గుజ్జు లేదు. నల్లటి బూజు, అందులో లుకలుకలాడే పురుగులు. జిత్తప్ప గబగబా ఇంకో బుట్ట వెతికాడు. అవీ అంతే. పైన పటారం, లోన లొటారం.

లంక ఒడ్డు ఇంకా కనిపిస్తూనే ఉంది. వెనక్కి తిరిగి వెళ్ళి కొండముచ్చుతో తేల్చుకోవచ్చు. పోనీ కోనకు వచ్చి, "మోసపోయాను, క్షమించండి" అనవచ్చు. జిత్తప్ప ఆ రెండూ చెయ్యలేదు.

"మొదటి బేరంలోనే బోల్తాపడ్డానని తెలిస్తే నా పరువేం కావాలి?" అనుకున్నాడు. మంచి పండ్లు నాలుగు ఏరి పైన పేర్చాడు. పురుగు పట్టినవి అడుగున దాచాడు. అంతవరకూ వాడు తెలివితక్కువవాడు. ఆ క్షణం నుంచి దుర్మార్గుడు.

రేవు దగ్గర కోనలోని జంతువులన్నీ కాచుకుని ఉన్నాయి. సూదమ్మ పిల్లలు బుట్టల వాసన చూసి గెంతుతున్నారు. చెట్టు మీంచి ఎర్రతురాయి దిగి వచ్చాడు.

"ఆగు జిత్తప్పా! బయటి సరుకు తెచ్చినవాడే తొలి ముద్ద తినాలి. ఏ పండు తినాలో నేను చెబుతాను. ఇది ఈ రేవు కట్టుబాటు" అన్నాడు.

"ఈ కట్టుబాటు ఎప్పుడు పుట్టింది?"

"మీ ముత్తాత పుట్టకముందే. బయలుదేరేటప్పుడు అడిగితే చెప్పేవాణ్ణి."

జిత్తప్ప పై పండు ఒకటి అందుకోబోయాడు. ఎర్రతురాయి అతన్ని ఆపి, బుట్ట బోర్లించి, అడుగు పండు మీద ముక్కుతో టక్కున కొట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది.

"ఇది తిను" అన్నాడు.

"ఇవాళ నాకు ఉపవాసం తాతా" అన్నాడు జిత్తప్ప.

నక్కకు ఉపవాసమట! కుందేళ్ళు కూడా నమ్మలేదు. అందరూ ముందుకు జరిగేసరికి వాడు మాట మార్చాడు.

"నన్నంటారేం? అమ్మింది కొండముచ్చు. మోసింది తాబేళ్ళు. అడిగేదేదో వాళ్ళని అడగండి!"

"కొండముచ్చు బుద్ధి కూడా మంచిది కాదు. కానీ అది మా రేవుకు రాలేదు. సరుకు తెచ్చి, 'ఇది నాది' అని దించింది నువ్వు. దీనికి జవాబు చెప్పవలసింది నువ్వే" అన్నాడు ఎర్రతురాయి. ముక్కుతో పొడిచి పండు పగలగొట్టాడు. పురుగులు బిలబిలమని బయటికి వచ్చాయి.

సూదమ్మ చిన్న పిల్ల ఆ పండు కేసి వంగి నోరు తెరిచింది. సూదమ్మ ఒక్క దూకు దూకి పిల్లని పక్కకు లాగింది. ఆమె ఒంటి మీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఒరే జిత్తప్పా! అడుగు పండు తినమంటే ఉపవాసమన్నప్పుడే దొరికావు. నీకు ఇవి కుళ్ళినవని దారిలోనే తెలుసు కదరా! తెలిసి, పైన మంచివి పేర్చి, నా పిల్లల నోటి ముందు పెట్టావా? మోసపోయానని చెప్పి ఉంటే నాతోపాటే ఆకలితో పడుకునేవాడివి. నీ పరువు కోసం నా బిడ్డల కడుపు కొట్టావు. తిను! నువ్వు తెచ్చింది నువ్వు తిను!"

ముళ్ళు గుచ్చుకునేంత దగ్గరికి వచ్చేసింది. జిత్తప్ప ఆ పగిలిన పండు కొరికాడు. కక్కుకున్నాడు. ఎవరికీ జాలి కలగలేదు. నాకూ కలగదు.

పురుగు కోనలోకి పాకకుండా వాడిచేతనే గొయ్యి తవ్వించి, ఆ పండ్లన్నీ పూడ్పించారు. అందరి దుంపల బాకీ తీరేదాకా, కోనకు ఎవరు సరుకు తెచ్చినా వాడే బరువు మొయ్యాలని తీర్పు చెప్పారు.

తీర్పు బాగానే ఉంది. దానితో పిల్లల కడుపు నిండదు కదా! సూదమ్మకు కోపం చల్లారలేదు. ఆ కోపంతోనే ఆమె లేచింది. ముందుగా ఎర్రతురాయి దగ్గరికి వెళ్ళింది.

"తాతా, నాకు ఏమీ తెలియదు. ఏవి తేవచ్చో, ఏవి తేకూడదో చెప్పు" అంది.

అతను చెప్పినదంతా విన్నది. అర్థం కానిది మళ్ళీ అడిగింది. తన బొరియలో రాలిన ముళ్ళు ఏరి కట్ట కట్టింది. కాలిలో దిగిన తుమ్మముల్లు తీసుకోవడానికి లంకలో కొండముచ్చులకు అవంటే ప్రాణం. జిత్తప్ప నెత్తిన ఒకే ఒక్క ఖాళీ బుట్ట పెట్టి ఏరు దాటింది.

లంకలో ఆమె ప్రతి పండూ చేతికి తీసుకుంది. బరువు చూసింది. చెవి దగ్గర పెట్టి ఊపింది. అనుమానం వచ్చినవి పక్కన పెట్టింది.

"ఒక్క బుట్టకు ఇంత రాద్ధాంతమా?" అని ముసలి కొండముచ్చు విసుక్కుంది.

"పోయినసారి నీ పండ్లు మా ఇంట్లో పొయ్యి ఆర్పాయి బాబాయ్. ఇంకా నా ముళ్ళు దించలేదు, చూసి మాట్లాడు" అంది సూదమ్మ.

కొండముచ్చు మంచి పండ్లు తీసింది.

బుట్ట ఇవతలి రేవులో దిగింది. ఆకలికి పిల్లలిద్దరూ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చారు. సూదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎర్రతురాయి అడుగునుంచి ఒక పండు చూపించాడు. ఆమె దాన్ని పగలగొట్టి, నమిలి, మింగి, ఒంటికి ఏమైనా తేడా చేస్తుందేమోనని కాసేపు కూర్చుంది.

చూసి చూసి జిత్తప్ప ఉండబట్టలేకపోయాడు.

"కన్నపిల్లలకు కూడా కట్టుబాటేనా అక్కా?" అన్నాడు.

"వాళ్ళ కోసమేరా ఈ కట్టుబాటు" అంది సూదమ్మ. అప్పుడు చెయ్యి తీసింది. పిల్లలు తిన్నారు.

వానలు పడేలోగా ఆ ఒక్క బుట్ట రెండయింది, రెండు పది అయ్యాయి. కోనలో ఆకలితో ఎవరూ పడుకోలేదు. సూదమ్మ సరుకంటే ఎర్రతురాయి కూడా నమ్మేవాడు. అయినా ప్రతిసారీ ఆమె అడుగు పండే తీసి, తానే తొలి ముద్ద తినేది. బరువు దించి, తన వంతు వచ్చేదాకా ఖాళీ కడుపుతో, జిత్తప్ప అది చూస్తూ నిలబడేవాడు.

నీతి: అమ్మింది ఎవరైనా, మోసింది ఎవరైనా, సరుకుకు జవాబు తెచ్చినవాడే చెప్పాలి. తాను తినలేనిది ఇతరుల ముందు పెట్టకూడదు.